కారణం అడగని తొమ్మిది ప్రశ్నలు

మంగళవారం మా వీధి చివరి కమ్యూనిటీ హాల్లో బీపీ, షుగర్ పరీక్షలు చేస్తున్నారంటే వెళ్లాను. వరుసలో నా ముందున్న పెద్దావిడకు బీపీ చూసిన ఏఎన్ఎం, ఒక కాగితం తీసి ప్రశ్నలు చదవడం మొదలుపెట్టింది. ఈ రెండు వారాల్లో పనుల మీద ఇష్టం తగ్గిందా, తగ్గితే ఎన్ని రోజులు అని అడిగింది. "ఇంకేం ఇష్టం తల్లీ, మా ఆయన పోయి ఏడాదైనా నిండలేదు" అందావిడ. ఏఎన్ఎం తల ఎత్తలేదు. "అది సరేనమ్మా, ఎన్ని రోజులో చెప్పు" అంది. నాకు ఒళ్లు మండింది.

ఈ కాలమ్ వారం వారం చదివేవాళ్లకు నా పట్టుదల తెలుసు. మనిషిని అంకెల్లోకి దించే కాగితాలంటే నాకు పడదు. బడిపిల్లల ర్యాంకుల మీద రాశాను, రోగి ముఖం చూడకుండా కంప్యూటర్ తెర చూసే వైద్యం మీద రాశాను. ముందు మనిషి చెప్పేది వినాలి, కొలతలు ఆ తర్వాత అన్నది నా వాదం. భర్త పోయిన మనిషి దేని మీదా మనసు పోవడం లేదంటే అందులో కొలవడానికి ఏముంది?

ఆ కాగితం ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. దాని పేరు పీహెచ్‌క్యూ-9. స్పిట్జర్, విలియమ్స్, క్రోంకీ అనే అమెరికన్ పరిశోధకులు తయారుచేశారు, 2001లో అచ్చయింది, ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. రెండు వారాల లెక్క. ఇష్టం పోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తనను తాను తక్కువ చేసుకోవడం, ధ్యాస నిలవకపోవడం, మాటా కదలికా మందగించడం లేదా కుదురుగా ఉండలేకపోవడం, చివరగా చావు ఆలోచనలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు కూర్చోబెట్టి వివరంగా చూడాలి. కాగితం డిప్రెషన్ అని తేల్చదు, అనుమానించమంటుంది, అంతే.

కాగితమంతా వెతికినా 'ఎందుకు' అన్న ప్రశ్న కనపడలేదు. ఇది మరచిపోయి వదిలేసింది కాదు. మానసిక వైద్యుల్లో దీని మీద పెద్ద గొడవే నడిచింది. అమెరికన్ల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం పాత కూర్పులో ఒక మినహాయింపు ఉండేది. ఆత్మీయులు పోయిన మొదటి రెండు నెలల్లో ఈ లక్షణాలు కనపడితే, మరీ తీవ్రంగా ఉంటే తప్ప, డిప్రెషన్ అనకూడదు. 2013లో వచ్చిన ఐదో కూర్పులో దాన్ని ఎత్తేశారు. ఏడుపును కూడా జబ్బు చేస్తారా అని చాలామంది డాక్టర్లే తిరగబడ్డారు. ఆ తిరగబడినవాళ్ల తరఫున ఈ వారం గట్టిగా రాద్దామని కూర్చున్నాను. రాస్తూ ఉంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

మా పెద్దమ్మ ఆవకాయ పెడితే వీధి వీధంతా జాడీలు పట్టుకుని వచ్చేది. కాయ ముక్క కొట్టించడం దగ్గర్నుంచి నూనె కలపడం దాకా ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. పెదనాన్న పోయిన మరుసటి వేసవిలో ఆవకాయ పెట్టలేదు. ఆయన లేని ఇంట్లో పచ్చడేమిటి అనుకుంటుందిలే అన్నారు. పై వేసవికీ పెట్టలేదు. మోకాళ్లు అన్నారు. తెల్లవారుజామున మూడింటికే లేచి అరుగు మీద కూర్చునేది. ఈ వయసులో నిద్ర అంతే అన్నారు. తిండి తగ్గింది, కట్టుడు పళ్లు సరిగా కుదరలేదన్నారు. స్టవ్ మీద పాలు మర్చిపోతే మతిమరపు మొదలైందన్నారు. అడిగినదానికి జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టేది, చెవుడు అన్నారు. పొద్దున్న మంచం దిగలేని మనిషి సాయంత్రానికి కాస్త తేరుకుని నాలుగు మాటలు మాట్లాడేది. దాన్ని చూసి, పొద్దున్నది కావాలని చేస్తోందన్న మాట కూడా ఆ ఇంట్లో వచ్చింది. పొద్దున్నే బరువుగా ఉండి పొద్దు వాలేసరికి కొంత తేలికపడటం డిప్రెషన్ తీవ్రరూపంలో కనపడే గుర్తని వైద్యగ్రంథాల్లో ఉంటుంది. మా ఇంట్లో ఎవరికి తెలుసు?

పెద్దమ్మ తనంతట తాను దిగులుగా ఉందని ఎప్పుడూ అనలేదు. "ఒంట్లో ఓపిక లేదురా, ఒళ్లంతా మంటలు" అనేది. అలా అన్న మనిషిని ఎక్కడికి తీసుకెళ్తాం? ఊళ్లో ఆర్ఎంపీ సెలైన్ ఎక్కించాడు, బలానికి ఇంజెక్షన్లు ఇచ్చాడు. ఆ తర్వాత పట్నంలో రక్తపరీక్షలు, థైరాయిడ్, స్కానింగ్. ఆ పరీక్షలను నేను తప్పుపట్టను. థైరాయిడ్ మందగించినా, రక్తం తగ్గినా, బీ12 లోపించినా మనిషి ఇలాగే అయిపోవచ్చు, ముందు అవి చూడాల్సిందే. కానీ రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాయి. ఇంకేం, ఏమీ లేదట అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆవిడ మాత్రం "నా వల్ల మీకందరికీ ఖర్చు" అని అదే మాట పదేపదే అనేది. ఎన్నో ఏళ్ల కింద చెల్లెలి పెళ్లిలో పెట్టిన చీర నాసిరకమని, అందుకే దేవుడు ఇలా చేశాడని ఏడ్చేది. చాదస్తం అన్నారు.

చివరికి ఒక ఆస్పత్రిలో, పెద్ద డాక్టరు రాని రోజున, హౌస్ సర్జన్ అమ్మాయి చూసింది. రిపోర్టుల కట్ట పక్కన పెట్టి, "అమ్మా, ఇదివరకు మీరు ఇష్టపడి చేసిన పని ఏదైనా ఇప్పుడు చేయాలనిపిస్తోందా?" అని అడిగింది. వెంట ఉన్న మా వదిన అందుకుని, పెదనాన్న పోయిన సంగతి చెప్పబోయింది. "అది తర్వాత వింటానండీ" అని ఆ అమ్మాయి పెద్దమ్మ వైపే చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ లేదన్నట్టు తల ఊపింది. ఆ అమ్మాయి ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. బతికి ఉండటం ఎందుకని ఎప్పుడైనా అనిపిస్తోందా అని అడిగినప్పుడు వదిన కంగారుపడి, "అవన్నీ అడక్కండమ్మా, లేనిపోనివి గుర్తుచేసినట్టవుతుంది" అంది. పెద్దమ్మ మాత్రం మామూలు గొంతుతోనే చెప్పింది: "అనిపిస్తుందమ్మా. తెల్లవారుజామున రోజూ అనిపిస్తుంది." మూడింటికి అరుగు మీద కూర్చున్న మనిషి ఏం ఆలోచిస్తోందో ఆ పూట తెలిసింది మాకు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. దీని మీద పరిశోధనలు చేశారు, అడగడం వల్ల హాని జరిగినట్టు ఎక్కడా తేలలేదు. చాలామందికి చెప్పుకోవడానికి దొరికే మొదటి అవకాశం అదే.

డిప్రెషన్‌కు మందు మొదలుపెట్టారు. ఈ మందులు పనిచేయడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఇది ముందే చెప్పకపోతే ఇంటివాళ్లు మధ్యలో ఆపేస్తారు, మా వాళ్లూ ఆపబోయారు. ఆ అమ్మాయి గట్టిగా చెప్పి ఉండటం వల్ల ఆగారు. కొన్నాళ్లకు పెద్దమ్మ మిరపకాయల ధర మీద కొట్టువాడితో పోట్లాడిందని వదిన ఫోన్ చేసి చెప్పింది.

ఇంతకీ ఇంట్లో అంతమందిమి ఉండి చూడలేనిది, ఊరూ పేరూ తెలియని అమ్మాయి ఎలా చూసింది? మా దగ్గర కారణాలున్నాయి, ఆమె దగ్గర లేవు. నిద్రకు వయసు, తిండికి పళ్లు, మౌనానికి చెవుడు అని ఒక్కో లక్షణానికి ఒక్కో కారణం చెప్పుకుని దేనికది సర్దేశాం. అన్నిటినీ ఒక్కచోట పెట్టి చూసిన మనిషి ఇంట్లో ఎవరూ లేరు. ఆ తొమ్మిది ప్రశ్నలు చేసే పని అదే.

దుఃఖం వేరు, ఈ జబ్బు వేరు. పోయినవాళ్ల కోసం ఏడ్చే మనిషి, వాళ్ల జ్ఞాపకం చెబుతూ మధ్యలో నవ్వగలదు. దుఃఖం వచ్చి పోతూ ఉంటుంది. తాను దేనికీ పనికిరానన్న భావన సాధారణంగా అందులో ఉండదు. కానీ దుఃఖం ఉన్నచోట జబ్బు ఉండదన్న హామీ లేదు, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. అందుకే 2013లో ఆ మినహాయింపు తీసేసినవాళ్ల పక్షానే ఇప్పుడు నిలబడుతున్నాను. మా ఏఎన్ఎం "అది సరేనమ్మా, ఎన్ని రోజులో చెప్పు" అని పట్టుబట్టడం సరైన పనే. పెద్దావిడ కథ వినాలి, తప్పకుండా వినాలి, కానీ జవాబు రాసుకున్న తర్వాత. ఆవిడ ముఖంలోకి చూసి అడిగితే ఇంకా బాగుంటుంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి ఇలాంటి ప్రశ్నలే అడిగించారు, అవసరమైనవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు పంపించారు. ఇది ప్రతి మండలంలోనూ జరగాలి. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12లో మన రెండు రాష్ట్రాలూ లేవు.

మగవాళ్ల విషయం ఒక్క మాట. వాళ్లలో ఇది తరచుగా చిరాకుగా, కోపంగా, ఎక్కువైన తాగుడుగా బయటపడుతుంది. అక్కడా మనకు కారణాలు సిద్ధంగా ఉంటాయి: అప్పులు, పంట, ఉద్యోగం.

మీ ఇంట్లో ఎవరైనా రెండు వారాలుగా ఇలా ఉంటే, కారణం మీకు ఎంత బాగా తెలిసినా సరే, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. చావు మాట అడగడానికి జంకకండి. అవునంటే వాళ్లను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ కాలమ్ పక్కన పెట్టే ముందు ఆ నంబరు ఫోన్లో దాచుకోండి.