చివరి వరుసకు ఆనే గద

సురభి నాటక సమాజం వారి ‘మాయాబజార్’ నాటకంలో అభిమన్యుడికీ ఘటోత్కచుడికీ పోరు మొదలైందంటే పిల్లలు కుర్చీ అంచుకు జరుగుతారు. అటునుంచో బాణం, ఇటునుంచో బాణం బయల్దేరి రంగస్థలం నడుమ ఢీకొంటాయి, నిప్పురవ్వలు రాలతాయి. రెండూ కంటికి ఆనని సన్నటి తీగ మీద జారేవే. నటుడు చేసేది వింటినారి లాగి వదలడం వరకే. బాణాన్ని నడిపే మనిషి తెర పక్కన చీకట్లో ఉంటాడు. ఇద్దరి అదునూ రెప్పపాటు తేడా లేకుండా కలవాలి, లేదంటే యుద్ధం అభాసుపాలే.

ఈ కళాకారుల సురభి కాలనీ శేరిలింగంపల్లిలోనే ఉంది, హైటెక్ సిటీ అద్దాల మేడలకు అట్టే దూరం కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన పరంపర ఇది. అంతకుముందు ఆ కుటుంబాలది తోలుబొమ్మలాట. బొమ్మ చేతిలో ఉన్నది గదో విల్లో ప్రేక్షకుడు పోల్చుకునేది తెర మీద చాలావరకు దాని అంచును బట్టే. ఆ చూపు నాటకానికీ బాగా అక్కరకొచ్చి ఉంటుంది.

రంగస్థలం మీది గదనే తీసుకోండి. చివరి వరుసకు ఆనాలంటే దాని తల గుమ్మడికాయంత ఉండాలి. దాన్ని భుజాన వేసుకునే నటుడు రాగం తీసి పద్యం పాడాలి, కాబట్టి బరువు ఉండకూడదు. అందుకే నాటకాల గద సాధారణంగా లోపల బోలు, పైన బంగారు రంగు. లేని బరువును చూపించాల్సింది మనిషే. ఎత్తేటప్పుడు మోకాలు కాస్త వంగాలి, దించేటప్పుడు భుజం కుంగాలి. తేలిగ్గా ఉంది కదా అని గిరగిరా తిప్పేస్తే ఎంత శ్రద్ధగా చేసిన గదైనా అట్టముక్కలా కనిపిస్తుంది. ఆయుధం తయారీలో సగం నటుడి ఒంట్లోనే జరుగుతుంది.

సినిమాలో కెమెరా దగ్గరకొస్తుంది, లెక్క మారుతుంది. ‘బాహుబలి’ కోసం కళా దర్శకుడు సాబు సిరిల్ రూపొందించిన భల్లాలదేవుడి రథం పైకి పురాణకాలపుది, లోపల మాత్రం రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజిన్. అక్కడ కుదరకపోతే ఇంకో టేక్ ఉంటుంది, ఆపైన గ్రాఫిక్స్ ఉంటాయి. నాటకానికి ఆ వెసులుబాటు లేదు.

ఇక వీడియో గేముల సంగతికొస్తే, మాదాపూర్‌లో కంప్యూటర్ల మీద వాటికి కత్తులు, గొడ్డళ్లు గీసే కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల గీతల్లో ముళ్లూ కొక్కేలూ రోజురోజుకీ పెరుగుతున్నాయి, పట్టుకోవడానికి పిడే మిగలట్లేదు. వాళ్లు ఒక సాయంత్రం సురభి నాటకానికి వెళ్లాలి. నాటకం అయ్యాక అనుమతి అడిగి తెర వెనక్కి వెళ్లి, ఆ గదను ఒకసారి ఎత్తి చూడాలి. పిడిని ఎక్కడ, ఎందుకు సన్నం చేశారో దాన్ని మోసిన నటుణ్నే అడగాలి.