‘నట్’ శబ్దార్థ విమర్శనము

ఇంగ్లీషు భాషయందలి పెద్ద మాటలకంటెఁ జిన్న మాటలే యనువాదకుని నెక్కువగాఁ జిక్కుపెట్టును. శాస్త్రపరిభాష కర్థ మొక్కటియే కావున దానికి సరియగు తెలుఁగు మాట నొకమాఱు కుదుర్చుకొన్నఁ జాలును. నిత్యవ్యవహారమందలి మాట యట్టిది కాదు. అది తోఁటలో నొక యర్థమును, అంగడిలో నొక యర్థమును, యంత్రశాలలో వేఱొక యర్థమును దెలుపుచుండును. అట్టివానిలో ‘నట్’ అనునది యొకటి. దీనిని ‘గింజ’ యనియో ‘కాయ’ యనియో తెనిఁగించి యూరకుండుట మన వ్రాఁతలలోఁ బరిపాటి యైనది. ఆ తెనిఁగింపు చాలునా యను ప్రశ్నను నందిగాం, టెక్కలి, పలాస ప్రాంతముల వాడుక నొఱగల్లుగాఁ గొని విమర్శించుట యీ వ్యాసమున కుద్దేశము.

నందిగాం టెక్కలికిని బలాసకును నడుమ నున్నది. దాని కీశాన్యముగా సముద్రతీరము వెంబడి వ్యాపించిన యుద్దానము కొబ్బరితోఁటలకును జీడితోఁటలకును బేరొందినది. పలాస జీడిపప్పు తయారీకిఁ గేంద్రము. ఇంగ్లీషువారు కొబ్బరికాయను ‘కోకోనట్’ అందురు. జీడిపిక్కను ‘క్యాషూనట్’ అందురు. వేరుసెనగకాయ ‘గ్రౌండ్‌నట్’, పోఁక ‘అరెకానట్’. ఇట్లు నాలుగు వస్తువులకును దుదిని నొకే మాట తగిల్చిరి. మనవారు నాల్గింటికి నాలుగు పేళ్లు పెట్టుటయే కాక, యొక్కొక్కదాని యవస్థాభేదములకును వేఱువేఱు పేళ్లు కల్పించుకొనిరి.

మొదట జీడిని జూతము. పై పెంకుతోఁ గూడి రైతు చేతికి వచ్చునది ‘పిక్క’. దానిని గాల్చియో యావిరిలో నుడికించియో పెంకు పగులఁగొట్టి, యెండఁబెట్టి, పొట్టు తీసిన పిమ్మట లభించునది ‘పప్పు’. ఆ పప్పు విఱుగక యున్నచో ‘గుండు’, రెండుగాఁ జీలినచో ‘బద్ద’, చిదిసినచో ‘ముక్క’. ఇంగ్లీషునఁ బిక్కకును బప్పునకును ‘క్యాషూనట్’ అను పేరే చెల్లుచున్నది. పప్పునకు ‘కెర్నెల్’ అను వేఱు మాట యున్నను వాడుకలో నది తఱచుగా విడువఁబడును. అందుచేతనే దేశదేశముల వర్తకమునకు వాడు సుంకపట్టికలో ‘పెంకుతో నున్నది’ యని 0801.31 సంఖ్య క్రిందను, ‘పెంకు తీసినది’ యని 0801.32 సంఖ్య క్రిందను విశేషణములు చేర్చి విడఁదీయవలసి వచ్చినది. ఆ పని మన రైతు రెండు చిన్న మాటలతో నెఱవేర్చుకొనుచున్నాఁడు.

ఈ భేదము పండితుల వినోదమునకుఁ గాదు. రైతు అమ్మునది పిక్క. వర్తకుఁ డమ్మునది పప్పు. పిక్కల బరువులోఁ బప్పు సుమారు నాలుగవ వంతు మాత్రమే. ఉద్దానమునఁ బిక్కల ధరను 80 కిలోల బస్తాకుఁ జెప్పుదురు. పప్పు ధరను గిలోకుఁ జెప్పుదురు. ‘జీడిగింజల ధర’ యని యొక ప్రకటన వెలువడినచో నది తన బస్తా ధరయో, అంగడిలోని పప్పు ధరయో రైతునకుఁ దెలియదు. అనువాదకుని యజాగ్రత్తకు వెల యిచ్చుకొనువాఁడు రైతే.

పైఁగా ‘జీడిగింజ’ యనునది మఱొక వస్తువునకుఁ జిరకాలమునుండి చెల్లుచున్న పేరు. సంస్కృతమున భల్లాతక మనఁబడు నడవిచెట్టే మన తొలి జీడి. దాని నల్లని రసముతోఁ జాకలివారు బట్టలకు గుఱుతులు పెట్టెడివారు. క్యాషూ చెట్టు బ్రెజిలునుండి పోర్చుగీసువారిచేఁ బదునాఱవ శతాబ్దమున మన దేశమునకుఁ దేఁబడినది. దాని పెంకులోని రసమును భల్లాతకరసమువలెనే యొడలిని బొబ్బలెక్కించును. కాఁబట్టి మనవారు పాత పేరునకు మామిడిని జేర్చి ‘జీడిమామిడి’ యనిరి. ఐరోపా పండితులును నీ త్రోవనే నడచుట గమనింపఁదగినది. వారి వైద్యమున ‘అనకార్డియము’ భల్లాతకమునకే పేరు. 1753లో లిన్నేయసు దానిని క్యాషూ జాతికిఁ బెట్టెను. 1782లో నతని కుమారుఁడు భల్లాతకమునకు ‘గుఱుతుకాయ’ యను నర్థము గల ‘సెమెకార్పస్’ అను జాతినామ మిచ్చి, పాత పేరును దానికిఁ దోఁకగాఁ దగిలించెను. ఇఁక మామిడి టెంకలోని పప్పును గూడ మనము జీడి యనియే యనుచున్నాము. ఇన్ని యర్థములు గల మాటకు ‘గింజ’ను జేర్చి విడుచుట యెంత మాత్రము స్పష్టత కాదు.

కొబ్బరి సంగతియు నిట్టిదే. లేఁతది బొండము, ముదిరినది కాయ, లోని నీరింకి కొబ్బరి చిప్పనుండి విడివడినది కురిడి. వేరుసెనగ పొట్టుతో నున్నఁ గాయలు, ఒలిచినచో గుళ్లు. పోఁక తాంబూలములోనికి వచ్చునప్పటికి వక్క యగును.

శాస్త్రము నాశ్రయించినను మనకొక్క మాట దొరకదు. వృక్షశాస్త్రమున ‘నట్’ అనఁగాఁ దనంతఁ బగులని గట్టి పెంకు గల యేకబీజఫలము. ఆ లక్షణముచేఁ జూచినఁ గొబ్బరికాయ మామిడివలె టెంకగల పండ్లలోఁ జేరును. వేరుసెనగ చిక్కుడు కుటుంబములోనిది. జీడియందు మనము పండనునది యుబ్బిన కాఁడ మాత్రమే. దాని కొనను వ్రేలాడు పిక్కయే నిజమైన ఫలము.

బోల్టునకుఁ దగులు ‘నట్టు’ను మనవారు పేరుతోఁ గూడ స్వీకరించిరి, అది మేలైన పని. నుడికారములందు మాత్రము కాయను గింజను వెదకఁ బనిలేదు. ఇంగ్లీషువారు లొంగని మనుష్యుని గట్టి ‘నట్’ అన్నచోట మనకుఁ ‘గొఱకరాని కొయ్య’ యున్నది.

ఇందుచేఁ దెలుఁగు సంపన్నమనియు నింగ్లీషు దరిద్రమనియుఁ జెప్పుట నా యభిప్రాయము కాదు. మన ‘పిక్క’ చింతపిక్కయుఁ గావచ్చును, కాలిపిక్కయుఁ గావచ్చును. కొబ్బరి పండని దేశమువారికి బొండమునకును గురిడికిని వేఱు పేళ్లతో నక్కఱ లేకపోయినది. మాట పనిని బట్టి పుట్టును.

కాఁబట్టి నిఘంటుకారుఁడు ‘నట్’ క్రింద నాలుగు పర్యాయములను వరుసగాఁ గూర్చి విడువక, ఏ వస్తువునకు, ఏ యవస్థయందు, ఏ మాట చెల్లునో విడివిడిగాఁ జూపవలెను. దీనికి మార్గదర్శకులు లేకపోలేదు. ఈ సీమవారే యగు గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరల నోట విని వారి భాషకు నిఘంటువు కూర్చిరి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము రైతుల మాటలను బ్రాంతములవారిగాఁ జేర్చినది. జీడికిని గొబ్బరికిని అట్టి సేకరణ ముద్దానమున నింకను విపులముగా జరుగవలసియున్నది. 2018 అక్టోబరు 11వ తేదీని వచ్చిన తిత్లీ తుపాను ఈ తోఁటలను విశేషముగాఁ గూల్చినది. తోఁటపనిలోఁ బెరిగినవారు పనులు వెదకికొనుచు దూరదేశములకుఁ బోకమునుపే వారి మాటలను వ్రాసికొనుట మన పరిశోధకుల విధి.