సీసాలో నీలిరంగు

బేగంపేట ఫ్లయింగ్ క్లబ్ షెడ్డులో ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ 'ఇంజనీర్ సారు' అనే పిలిచేవాళ్లు. పొద్దున రాగానే విమానం రెక్క కిందికి వంగి, చిన్న గాజు సీసాలో పెట్రోలు పట్టి, సూర్యుడికి ఎదురుగా ఎత్తి చూసేవారు. అప్పుడు నేను కోదాడ నుంచి చదువుకోసం వచ్చిన కుర్రాణ్ని. గోడ పక్కన నిలబడి చూస్తుంటే ఒకరోజు పిలిచి సీసా నా కళ్ల ముందు పెట్టారు. "అడుగున చుక్క కనపడుతుందా బిడ్డా? అవి నీళ్లు. లారీకైతే రోడ్డు పక్కన ఆపుకునే జాగా ఉంటది. దీనికి ఉండదు."

చిన్న విమానాలు తాగే పెట్రోలు మన బంకుల్లో దొరికేది కాదు. దాన్ని ఏవ్‌గ్యాస్ అంటారు. గుర్తుపట్టడానికి లేత నీలిరంగు కలుపుతారు. రాత్రి ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ చల్లబడి నీటిబొట్లుగా అడుక్కి చేరుతుంది. నీళ్లు బరువు కాబట్టి సీసా అడుగున తెల్లగా నిలుస్తాయి, పైన నీలం తేలుతుంది. ఇది ఎవరైనా చెబుతారు. సారు గొప్పతనం తరువాతి మాటలో ఉంది. సీసా నిండా నీళ్లే పడితే రెండు రంగుల మధ్య గీతే కనిపించదు, అంతా శుభ్రంగా ఉందని మోసపోతాం. అందుకే ఆయన రంగు చూసేవారు, వాసన చూసేవారు, వేలికి రాసుకుని ఆరేదాకా ఆగేవారు. ఇరవై సెకన్ల పని. ఆ ఇరవై సెకన్లు ఆయన ఎవరికీ అప్పగించగా నేను చూడలేదు.

ఆయన మిర్యాలగూడ మనిషి. తండ్రి రైసుమిల్లు ఫిట్టరు. ఇనుప చువ్వ ఒక కొస బేరింగుకు, రెండో కొస చెవికి ఆనించి, ఏ గుండు అరిగిందో చెప్పే మనుషుల మధ్య పెరిగారు. ఆ చెవే ఆయన విమానాల దగ్గరికి తెచ్చుకున్నారు. చిన్న విమానం గురించి రాయాలంటే నేను పైలట్లతో కాక ఈయనతోనే మొదలుపెడతాను.

విమానం ఎగరడానికి ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. గుడి చుట్టూ తిరిగినట్టే, ఎప్పుడూ ఒకే దిక్కుగా, ఏదీ వదలకుండా. ప్రొపెల్లర్ అంచు మీద వేలు నడిపితే గులకరాయి తగిలిన నొక్కు తెలుస్తుంది. గోరంత నొక్కు దగ్గరే పగులు పుడుతుంది. దాన్ని ఆకురాయితో నునుపు చేయడం ఒక విద్య, ఎంతదాకా చేయవచ్చో, ఎక్కడ ఆపి ఆ ప్రొపెల్లర్‌ను పక్కన పెట్టాలో తెలియడం అంతకంటే పెద్ద విద్య. రెక్క ముందుకు పొడుచుకొచ్చిన సన్నని గొట్టం వేగం చెప్పే పరికరానికి గాలి అందిస్తుంది. రెండు రోజులు మూత పెట్టకపోతే మన ఊళ్లలో కుమ్మరి పురుగు దాని నోట్లో మట్టి గూడు కడుతుంది. వేగం ముల్లు కదలదు, మనిషి గాల్లో ఉంటాడు. కుమ్మరి పురుగు చిన్నదే, కానీ ఒక పెద్ద జెట్ విమానాన్ని కూడా పడగొట్టిందన్న అనుమానం దాని మీద ఉంది.

తరువాత ఇంజను. కారులో ఒక సిలిండరుకు ఒక ప్లగ్గు, ఇక్కడ రెండు. సెస్నా 152 అనే చిన్న విమానంలో నాలుగు సిలిండర్లు, ఎనిమిది ప్లగ్గులు. వాటికి నిప్పు అందించే మాగ్నెటోలు రెండు. బ్యాటరీ చచ్చినా ఇంజను ఆగకూడదని ఈ ఏర్పాటు. ఎగిరేముందు ఇంజనును నిమిషానికి 1700 చుట్లకు తెచ్చి, ఒక్కో మాగ్నెటో ఆపి చూస్తారు. చుట్లు కాస్త తగ్గాలి, 125 కంటే ఎక్కువ తగ్గకూడదు. ఇంతవరకు పుస్తకం చెబుతుంది. అసలు తగ్గకపోయినా భయపడాలని సారు నేర్పారు. తగ్గలేదంటే స్విచ్చు తీగ తెగి ఉండవచ్చు. అప్పుడు తాళం తీసేసినా మాగ్నెటో బతికే ఉంటుంది, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పినవాడి చెయ్యి పోతుంది.

ప్లగ్గుల మాటొచ్చింది కాబట్టి ఒక కథ చెప్పాలి. 1930లో ఆగాఖాన్ ఒక పందెం పెట్టారు. ఇంగ్లండుకీ భారతదేశానికీ మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయుడికి బహుమతి. ఆస్పీ ఇంజనీర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు అటునుంచి, జె.ఆర్.డి. టాటా ఇటునుంచి బయల్దేరారు. ఇద్దరూ ఈజిప్టులో అబూకిర్ దగ్గర ఎదురుపడ్డారు. కుర్రాడు ప్లగ్గులు పాడై చిక్కుకున్నాడు, విడి ప్లగ్గులు లేవు. టాటా తన దగ్గరున్నవి ఇచ్చేశారు. పందెం ఆస్పీ గెలిచాడు, కొద్ది గంటల తేడాతో. ఆ కుర్రాడే తరువాత మన వాయుసేనకు అధిపతి అయ్యాడు. టాటా సంగతికొస్తే, 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి బొంబాయికి ఆయన టపా తెచ్చిన పుస్ మాత్ విమానానికి అహ్మదాబాదులో పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చింది. యాభై ఏళ్ల తరువాత, 1982లో, డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో ఆయన అదే దారిలో లెపర్డ్ మాత్ మీద మళ్లీ ఎగిరారు. పెద్ద కంపెనీలు కట్టినవాళ్లు చాలామంది ఉంటారు. ఆ వయసులో గుడ్డ తొడిగిన రెక్కల మీద సముద్రం అంచున ఎగిరి, రన్‌వే మీద మెత్తగా దిగిన చేతులకు నేను దండం పెడతాను.

మన వైపు చరిత్ర కూడా తక్కువది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో వచ్చిన విమానాల వల్ల బ్రిటిష్ వాయుసేనలో ఒక దళానికి హైదరాబాద్ పేరే పెట్టారు. బేగంపేట మైదానం, ఏరో క్లబ్, ఇవి రెండూ కలిపి చెప్పే కథలు పాతబస్తీలో ఇప్పటికీ వింటాం. దక్కన్ ఎయిర్‌వేస్ మన హైదరాబాదుదే. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు కాక్‌పిట్‌లో చోటిచ్చింది ఆ కంపెనీయే. మిగతా కంపెనీలు ఆమెను తిప్పి పంపాయని అంటారు. ఆమె 1949లో నేషనల్ ఎయిర్ రేస్ గెలిచింది. కోదాడ, హుజూర్‌నగర్‌ల నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి మిగ్ విమానాలు నడిపి వచ్చినవారు. కాబట్టి మనకు ఆకాశం కొత్త అని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

విమానాల్లో నా పక్షం దాచను. రెక్క పైనున్న విమానమే విమానం. కింద ఊరు కనపడాలి, చెరువు కనపడాలి, ఎండలో రెక్క నీడ నెత్తి మీద పడాలి. 1958లో హెచ్.ఎ.ఎల్. చేసిన పుష్పక్ అలాంటిది. విమాన ఇంజనీరు వి.ఎం. ఘాట్గే నాయకత్వంలో పుట్టింది. 90 హార్స్‌పవర్ ఇంజను, గుడ్డ రెక్కలు, పక్కపక్కన రెండు సీట్లు. దేశమంతా ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం దాని మీదే నేర్చుకుంది. ఆ గుడ్డను చట్రం మీద బిగించి, కుట్టి, పొర మీద పొర డోప్ అనే పూత వేస్తే డప్పు చర్మంలా మోగేది. ఎక్కడైనా మెత్తగా మోగితే సారు అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారి హంస మీద నాకు గౌరవం ఉంది. 2021లో ఎగిరిన కొత్త హంస చూడముచ్చటగా ఉంది. కానీ రెక్క కింద ఉంది. ఏం చేయను.

ఆయన చేతిపనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది లాక్ వైరు. బోల్టు కదలకుండా దాని తలలోని చిల్లులోంచి తీగ దూర్చి, పురి పెట్టి, పక్క బోల్టుకు కడతారు. బోల్టు వదులవడానికి ప్రయత్నిస్తే తీగ దాన్ని బిగించే వైపు లాగాలి. దిక్కు తప్పితే ఎంత అందంగా అల్లినా పనికిరాదు. సారు అల్లిన తీగ జడలా సమంగా ఉండేది. కొస వంచి లోపలికి దాచేవారు, తరువాత చెయ్యి పెట్టేవాడికి గీసుకోకుండా. ఆయిలు మార్చినప్పుడు పాత ఫిల్టరును కోసి, మడతలు విప్పి, వెలుతురులో చూసేవారు. ఇనుప రజను మెరిస్తే ఆ విమానం ఆ రోజు కదలదు. యజమాని ఎంత పెద్దవాడైనా సరే.

సొంత విమానం కొనాలని డబ్బున్న మిత్రులు అడుగుతుంటారు. కొనే ధర గురించి అడుగుతారు, నిలబెట్టే ఖర్చు గురించి అడగరు. నిలబెట్టిన ఇంజను తిరిగే ఇంజను కంటే తొందరగా చస్తుంది. లైకమింగ్ ఇంజనుల్లో క్యామ్ షాఫ్ట్ పైన ఉంటుంది. కొన్ని వారాలు ఊరికే ఉంటే ఆయిలంతా కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది. పది నిమిషాలు నేల మీద స్టార్ట్ చేసి ఆపితే ఇంకా చేటు. లోపల తేమ పుడుతుంది, ఆవిరై పోయేంత వేడి మాత్రం రాదు. ఎగరాలి, ఆయిలు బాగా కాగాలి. ప్రతి 50 గంటలకు ఆయిలు, 100 గంటలకు పెద్ద తనిఖీ, ఏటా ఎయిర్‌వర్దీనెస్ కాగితం, ఎండా వానా తగలని షెడ్డు. నలుగురు కలిసి కొనుక్కుంటే మంచిదని నా సలహా. అప్పుడు విమానం నిలబడి తుప్పు పట్టదు. అమెరికాలో మన తెలుగువాళ్లు కొందరు అలాగే సెస్నా 172ను వాటాగా పెట్టుకుని ఆదివారాలు ఎగురుతున్నారు.

ఇక మన నేల. మిర్యాలగూడ ఆయకట్టు మీద మూడు వేల అడుగుల్లో ఇంజను ఆగిందనుకోండి. సెస్నా 172 65 నాట్ల వేగంలో తేలుతూ దాదాపు ఎనిమిది కిలోమీటర్లు పోగలదు. ఎక్కడ దిగాలి? వానాకాలంలో నీళ్లు పెట్టిన వరిమడి పచ్చటి తివాచీలా పిలుస్తుంది. వెళ్లకూడదు. ముందు చక్రం బురదలో దిగబడి విమానం బోర్లా పడుతుంది. జాతీయ రహదారి నల్లగా తిన్నగా కనపడుతుంది, కానీ దానికి అటూ ఇటూ కరెంటు తీగలు. తీగ పైనుంచి కనిపించదు, స్తంభాల వరుస చూసి ఊహించుకోవాలి. కోత అయిన పొలం, ఎత్తు గట్లు లేనిది, గాలికి ఎదురుగా. అది ముందే చూసి పెట్టుకున్నవాడే పైలట్. మేలో 42 డిగ్రీల ఎండలో, 1,742 అడుగుల ఎత్తున్న బేగంపేట, విమానం దృష్టిలో 5,300 అడుగుల పైన ఉన్నట్టు లెక్క. గాలి పలచబడుతుంది, రన్‌వే చాలదు. నాగార్జునసాగర్ జలాశయం మీద తేమగా ఉన్న పొద్దున, పాతిక డిగ్రీల వేడిలో కూడా కార్బురేటర్ గొంతులో మంచు గడ్డకట్టవచ్చు. ఇది చెబితే మన ఊళ్లో నమ్మరు.

2004 ఏప్రిల్ 17న సినీనటి సౌందర్య ఎక్కిన సెస్నా 180 జక్కూరు నుంచి కరీంనగర్‌కు బయల్దేరి, పైకి లేచిన కాసేపటికే పడిపోయింది. నలుగురు పోయారు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో సెస్నా 152 కూలి, ఒంటరిగా శిక్షణలో ఉన్న అమ్మాయి చనిపోయింది. మిర్యాలగూడకు దూరం కాదు అది. ఆ రోజు నుంచి మా ఇళ్లలో పిల్లలు పైలట్ అవుతామంటే తల్లులు ఏడుస్తున్నారు. ఆ తల్లులకు నేను భద్రత అంతా బాగుందని చెప్పలేను. బాగుండేలా చేసే మనుషులు ఉన్నారని, వాళ్లను మనం పోగొట్టుకుంటున్నామని చెబుతాను.

నా కోపం ఇక్కడే. ఇప్పుడు విమానం నేర్చుకోవడమంటే ఉద్యోగానికి దారి. 200 గంటలు నిండాలి, కమర్షియల్ లైసెన్సు రావాలి, జెట్టు ఎక్కాలి. తప్పు కాదు. కానీ ఆ గంటలు గాల్లో పుట్టాలి, పెన్నుతో కాదు. 2011లో నకిలీ మార్కుల జాబితాలతో లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు దేశంలో అరెస్టయ్యారు. మా బంధువుల అబ్బాయి ఒకడు భూమి అమ్మిన డబ్బు ఒక శిక్షణ సంస్థకు కట్టి, నెలల తరబడి విమానం లేదు, విడిభాగం రాలేదు అన్న మాటలు విని వచ్చాడు. చివరికి, "లాగ్‌బుక్కులో రాసేద్దాంలే" అన్నారట. వాడు ఒప్పుకోలేదు. నేను వాడికి అన్నం పెట్టి, సారు సంగతి చెప్పాను. నీళ్ల చుక్క వెతికే ఇరవై సెకన్లను కూడా ఎవరైనా కాగితం మీద రాసేస్తే, ఆ సంతకం కింద ఒక ప్రాణం ఉంటుంది. లేతు మీద తీయించిన బోల్టును అసలుదని చెప్పి బిగించేవాళ్లను, ధర తక్కువని ఒప్పుకునే యజమానులను నేను క్షమించను.

ఏవ్‌గ్యాస్ చాలాకాలం విదేశాల నుంచే వచ్చేది. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారు చేయడం మొదలుపెట్టింది. సాకుల్లో ఒకటి తగ్గింది. కృష్ణకు అవతల ఒడ్డున, విజయపురి సౌత్‌లో, మిర్యాలగూడ నుంచి గంట దూరంలో విమానాలు దిగే నేల ఉంది. సూర్యాపేటలో లారీ ఇంజను విప్పి పొద్దుగూకేలోపు కట్టేసే పిల్లలున్నారు, మిర్యాలగూడలో చువ్వ చెవికి పెట్టి వినే ఫిట్టర్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో పదిమందిని తీసుకుని, లైసెన్సు చదువు చదివించి, ఒక షెడ్డు, రెండు సెస్నాలు, నేర్పడానికి ఓపికున్న ఒక పాత ఇంజనీరును ఇవ్వమని మన రెండు ప్రభుత్వాలనూ, పిల్లల పెళ్లిళ్లకు కోట్లు పెట్టే మన మిల్లు యజమానులనూ అడుగుతున్నాను. సారు పోయాక ఆయన సీసా వాళ్లబ్బాయి నాకు ఇచ్చాడు. మూత దగ్గర చిన్న పగులు ఉంది, నీళ్లు పోస్తే కారదు. ఆ షెడ్డు తలుపు తీసిన రోజు తెచ్చి ఇస్తాను.