దభీమనక ముందు

ఇన్నేళ్ల పత్రిక డెస్కు ఉద్యోగంలో నేను లెక్కలేనన్నిసార్లు రాసి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుపడే మాట ఒకటుంది: ‘భారీ శబ్దంతో’. ఇంగ్లీషు కాపీలో ‘బ్యాంగ్’ అని ఉంటుంది, ఎడిషన్‌కు టైమవుతుంటుంది. పేలింది టైరైనా, కూలింది గోడైనా భారీ శబ్దమే.

2021 డిసెంబరులో వానలకు తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడినప్పుడూ అదే రాశాను. తర్వాత అలిపిరి దగ్గర టీ తాగుతుంటే, జీపు తోలే పెద్దాయన ఒకరు నిలదీశారు.

“భారీ శబ్దమంటే ఎట్టా సామీ? ముందు జరజరా మట్టి జారతాది. ఆనక గడగడమంటాది. దభీమనేది ఆఖర్న. జరజర ఇన్నోడు బండి ఆపుకుంటాడు. దభీమన్నాక ఇంక ఇనేదానికి ఏముండాది?”

బ్యాంగ్‌ను తక్కువ చేయడం లేదు. తలుపు విసురుగా వేసినా, తుపాకి పేలినా, మోకాలు బల్లకు కొట్టుకున్నా అదే మాట. చివరికి విశ్వం పుట్టుకకూ అదే. 1949లో బీబీసీ రేడియోలో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్, తాను ఒప్పుకోని సిద్ధాంతం గురించి చెబుతూ ‘బిగ్ బ్యాంగ్’ అనేశాడు. ఆ పేరే నిలిచిపోయింది. మనం దానికి పట్టుపంచె కట్టి ‘మహావిస్ఫోటం’ చేశాం. పరీక్షలో రాయడానికి బాగుంటుంది, నోటికి మాత్రం రాదు.

చప్పుళ్లకు తిరుమల కొండ మీద కరువా? గుడి ముందు అఖిలాండం దగ్గర మంచి కొబ్బరికాయ కొడితే ఠప్పుమంటుంది, వెంటనే నీళ్లు చివ్వున చిమ్ముతాయి. కుళ్లినదైతే థప్ అని ఊరుకుంటుంది. అప్పుడు కొట్టినాయన మొహం చూడాలి! గుడి లోపల తిరుమామణి మండపంలో నైవేద్యం వేళ గంట ఖంగుమంటే ఆ మోత చాలాసేపు చెవిలోనే ఉంటుంది. ఆ నైవేద్యాల పేర్లు కూడా మొదటి గంట, రెండో గంట. స్వామివారి గంటే వైష్ణవ ఆచార్యులు వేదాంత దేశికులుగా పుట్టిందని వైష్ణవుల నమ్మకం.

ఠప్పుమను, ఖంగుమను, దభీమను... అన్నింటి చివరా ‘అను’ ఉంది చూడండి. తెలుగులో రాయి కూడా ఏదో ఒకటి అంటుంది. ఆ పెద్దాయన విన్నారు, నేను వినకుండానే రాశాను.

వానల్లో ఘాట్ రోడ్డెక్కేవాళ్లు కారు అద్దం కాస్త దించండి, పాటల సౌండు తగ్గించండి. జరజర చాలా చిన్న చప్పుడు.