చుండూరు ఆడవాళ్లు ఏ చరిత్రలోకి వస్తారు?

మన రాష్ట్రంలో స్త్రీల హక్కుల పోరాట చరిత్ర చెప్పేవాళ్లు తరచుగా మూడు ఘట్టాలు లెక్కపెడతారు. వుమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమాన వాటా యిచ్చి, 1985 సెప్టెంబర్ నుంచి వర్తించిన చట్ట సవరణ. 1992లో దూబగుంట పేరుతో పాకిన సారా వ్యతిరేక పోరాటం. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు'. 1991 ఆగస్టు 6 నాటి చుండూరు మాత్రం 'కుల సమస్య' ఖాతాలో పడిపోతుంది. యీ ఖాతాల పంపకంతోనే మన పేచీ.

చుండూరు కృష్ణా పశ్చిమ డెల్టా వూరు. అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. చెప్పిన సాకేమిటి? దళిత కుర్రాళ్లు 'మా ఆడవాళ్లని' అల్లరిపెడుతున్నారని! హత్యల తర్వాత ఆధిపత్య కులాల స్త్రీలు కూడా ఆ మాటే పట్టుకుని వీధికెక్కారు. నాట్లకీ కలుపుకీ పోయే మాల, మాదిగ ఆడవాళ్ల మర్యాద గురించి యీ నోళ్లు ఎన్నడన్నా లేచాయా?

స్త్రీవాదులకి యిది తెలీదనలేం. వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ ఆ ఏడాదే 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో చుండూరుని ముందుపెట్టి, కులాన్నీ జెండర్‌నీ కలిపి చూడాలని రాశారు. ఆ ఎరుక కవిత్వంలోకి పెద్దగా దిగలేదు. 'నీలిమేఘాలు' వంటింటినీ, పైటనీ, ప్రసవాన్నీ కవితా వస్తువు చేసింది. అది చిన్న పని కాదు. కానీ అక్కడి స్త్రీకి చాలాచోట్ల కులం కనపడదు. గడప దాటటమే ఆమె విముక్తి. తెల్లారకముందే గడప దాటి పరాయి చేలో నడుం వంచే కూలితల్లికి భయమంతా ఆ గడప బయటే వుంది గదా!

మనవాళ్లనీ అడగాలి. 1995లో విజయవాడ నుంచి వచ్చిన 'చిక్కనవుతున్న పాట' దళిత కవిత్వానికి జెండా. అందులో మగ గొంతులే ఎక్కువ. చల్లపల్లి స్వరూపరాణి కవిత్వం, 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనల్ని గోగు శ్యామల ఒకచోట చేర్చిన 'నల్లపొద్దు', రెండు వైపులా వున్న యీ ఖాళీని ఎత్తి చూపించాయి.

చుండూరు కేసుని ఆ వూళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు విచారించింది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. మనుషుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు అన్నేళ్లు న్యాయం కోసం నిలబడటం స్త్రీల హక్కుల పోరాటం కాదా? పాఠం చెప్పే టీచర్లు, సభ పెట్టే కార్యకర్తలు 1992 పక్కన 1991ని కూడా రాయాలి. అప్పుడే 'స్త్రీ' అనే మాటలోకి పల్లె ఆడది వస్తుంది.