బొమ్మ రైలుకు నిజం చెప్పే సిగ్నల్

మోడల్ రైల్వే కట్టేవాళ్ళు ఇంజిన్ మీది తుప్పుమరకను కూడా కుంచెతో దిద్దుతారు. అదే బల్లమీద సిగ్నల్ స్తంభం మాత్రం తరచు అలంకారంగా మిగిలిపోతుంది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది, బండి దాన్ని దాటిపోతూనే ఉంటుంది. ముందు దారి ఖాళీగా ఉందని డ్రైవరుకిచ్చే మాటే సిగ్నల్. ఆ మాట అబద్ధం కాకుండా తీగలు కలపడంలోనే ఈ విద్య విలువంతా ఉంది.

స్తంభం కట్టడం చేతిపని, ఓపికుంటే పట్టుబడుతుంది. 1:87 నిష్పత్తిలో 7 మీటర్ల స్తంభం 8 సెంటీమీటర్లకు వస్తుంది. సన్నటి ఇత్తడి గొట్టం, దాని తలమీద 1.6 మిల్లీమీటర్ల ఎల్ఈడీలు, వాటినుంచి గొట్టంలోకి దిగే ఎనామిల్ పూత రాగితీగలు. గొట్టాన్నే ఉమ్మడి తీగగా వాడుకుంటే రంగుకొక తీగ చాలు. 12 వోల్టుల సరఫరాలో ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. 10 మిల్లీఆంపియర్లు చాలనుకుంటే మిగతా 10 వోల్టులకు 1,000 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. అమెరికా సెర్చ్‌లైట్ సిగ్నల్‌కు ఒకటే కన్ను. దానికి ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఇమిడిన ఎల్ఈడీ పెట్టి రెంటినీ ఒకేసారి వెలిగిస్తే పసుపు వస్తుంది.

అసలు సంగతి పట్టాల దగ్గర ఉంది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో బ్లాకుకు, అంటే విడిగా చూసుకునే పట్టాల ముక్కకు, ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన రిలే అనే విద్యుత్ స్విచ్ ఉంటాయి. కరెంటు పట్టాల గుండా వచ్చి రిలేను ఎత్తిపట్టినంతసేపే పచ్చ. బండి ఇరుసు రెండు పట్టాలనూ కలిపేయగానే రిలే పడిపోతుంది, ఎరుపు వస్తుంది. తీగ తెగినా ఎరుపే, బ్యాటరీ చచ్చినా ఎరుపే. మన రైల్వేల్లోనూ వాడిన, పైకి లేచే సెమాఫోర్ రెక్కదీ ఇదే పద్ధతి: లాగే తీగ తెగితే తన బరువుతోనే అడ్డంగా వాలి బండిని ఆపమంటుంది. మోడల్‌లో ట్రాక్ సర్క్యూట్‌ను ఉన్నదున్నట్టు దించుకోవడం కష్టం, ఇంజిన్‌ను నడిపే కరెంటు కూడా ఆ పట్టాల్లోనే వస్తుంది కాబట్టి. అందుకే బ్లాకులో ఎవరైనా కరెంటు తాగుతున్నారా అని చూసే డిటెక్టర్లు వచ్చాయి. 1958లో లిన్ వెస్ట్‌కాట్ ప్రకటించిన ట్విన్-టీ వాటిలో పేరుపడింది. మోటారు లేని పెట్టెల చక్రాల మధ్య 10,000 ఓమ్‌ల చిన్న రెసిస్టర్ అంటిస్తే చివరి పెట్టె కూడా లెక్కకొస్తుంది. కానీ ఇక్కడ లెక్క తలకిందులైంది. కరెంటు లేకపోవడమే ఖాళీకి గుర్తు. బ్లాకు తీగ ఊడితే, బండి లోపలే నిలబడి ఉన్నా, డిటెక్టర్ దారి ఖాళీ అంటుంది. డిటెక్టర్ తన రిలేను ఎత్తిపట్టినప్పుడే పచ్చదీపం వెలిగేలా కలిపితే డిటెక్టర్ సరఫరా పోయినప్పుడు ఎరుపు వస్తుంది గాని, పట్టాలకు వెళ్ళే తీగ సంగతి ఆ రిలేకూ తెలియదు.

బల్లంతా కంటికి కనిపిస్తుంటే సిగ్నల్ ఎందుకని కొందరంటారు. చిన్న బల్లకు అది నిజమే. నలుగురు నాలుగు బండ్లు నడిపే క్లబ్బులో, కొండ అవతల ఎవరి బండి ఆగిందో తెలియని చోట, ఔటర్లో ఆగాలా వద్దా అన్నది సిగ్నలే చెప్పాలి. చిన్న కంప్యూటర్ బోర్డులొచ్చాక తీగల విద్య అక్కర్లేదన్నది రెండో మాట. బోర్డు పని తేలిక చేస్తుంది, నియమం మాత్రం రాసేవాళ్ళే ఆలోచించుకోవాలి. 1946లో ఎంఐటీలో మొదలైన మోడల్ రైల్‌రోడ్ క్లబ్బులో సిగ్నళ్ళు, పవర్ చూసే బృందం టెలిఫోన్ రిలేలతో కుస్తీపట్టింది. తొలితరం కంప్యూటర్ ప్రోగ్రామర్లలో కొందరు ఆ బల్ల కిందనుంచే వచ్చారు. రిలే అయినా ప్రోగ్రామ్ అయినా వాళ్ళు వేసుకున్న ప్రశ్న ఒకటే: ఏమేం రుజువైతే పచ్చ ఇవ్వాలి?

కనుక సిగ్నల్ కడుతున్నవారు దీపం వెలిగిందని అక్కడితో ఆగవద్దు. ప్రతిసారీ బండ్లు నడిపే ముందు రెసిస్టర్ చక్రాలున్న పెట్టెనొకదాన్ని బ్లాకు బ్లాకుకూ తోసి చూడండి. ఎక్కడ ఎరుపు రాలేదో అక్కడ బల్ల కిందికి దూరండి.