నూటికి నూట ముప్పై ఐదు

టర్బో పెట్రోలు కారు కొన్న మా మేనల్లుడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. స్టీరింగ్ కింది సాకెట్‌లో, బండి కంప్యూటర్ అంకెలను ఫోన్‌కు పంపే చిన్న ఓబీడీ అడాప్టర్ పెట్టి హైవే మీద వెళ్తుంటే, పక్కన కూర్చున్న స్నేహితుడు ఫోన్‌లో అంకెలు చదివాడట. "మామయ్యా, లోడ్ అని రెండు చోట్ల చూపిస్తోంది. ఒకటి ఎనభై. ఇంకోటి నూట ముప్పై ఐదు. నూటికి మించి ఎలా వెళ్తుంది? ఇంజిన్ పాడవుతుందా?" అని అడిగాడు.

ఇంజిన్‌కేమీ కాదు. రెండు అంకెలూ నిజమే. కానీ ఆ ప్రశ్నకు ఫోన్‌లో చెప్పిన రెండు ముక్కల జవాబు నాకే తృప్తినివ్వలేదు. బండి అంకెలను చదవడం నాకు ఎంతోకాలంగా ఇష్టమైన పని. ఆ అంకెల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఈ లోడే. అందుకే ఈ వారం దాని గురించి వివరంగా.

బండిలో ఎంతమంది ఎక్కారో, కాలు ఎంత గట్టిగా తొక్కిందో లెక్కగట్టి కంప్యూటర్ లోడ్ చెప్పదు. పెట్రోలు ఇంజిన్‌లో అది చూసేది ఒక్కటే: ఒక సిలిండర్ ఒక్కసారి పీల్చినప్పుడు లోపల ఎంత బరువు గాలి చిక్కింది? పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాముకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి బరువు తెలిస్తేనే ఎంత పెట్రోలు చిమ్మాలో తెలుస్తుంది. స్పార్క్ ఎప్పుడు వేయాలన్నదీ దాని మీదే ఆధారపడుతుంది. సిలిండర్‌లో గాలి దట్టంగా ఉంటే మంట త్వరగా పాకుతుంది, మిశ్రమం తనంతట తానే పేలే నాకింగ్ భయం పెరుగుతుంది, కాబట్టి స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేయాలి. కంప్యూటర్‌లో దాచిన పట్టికల్లో చాలావాటికి ఒక పక్క ఆర్‌పీఎం ఉంటే, రెండో పక్క ఈ లోడ్ ఉంటుంది. లోడ్ తప్పితే పెట్రోలూ తప్పుతుంది, స్పార్కూ తప్పుతుంది.

ఇక్కడే చిక్కు. సిలిండర్ లోపల తక్కెడ పెట్టలేం. బయట దొరికే ఆనవాళ్లను బట్టి లోపలి బరువును ఊహించాలి. మన ఊళ్లలో బియ్యం రెండు రకాలుగా ఇచ్చేవారు: కొందరు తూచి, కొందరు కుంచంతో కొలిచి. తూచినవాడికి బరువు నేరుగా తెలుస్తుంది. కొలిచినవాడికి బరువు కావాలంటే గింజ ఎలాంటిదో, ఎంత కుదించి పోశారో కూడా తెలియాలి. ఇంజిన్ కంప్యూటర్లకూ ఈ రెండు దారులే ఉన్నాయి.

తూచే పద్ధతిలో ఎయిర్ ఫిల్టర్ దాటగానే ఒక మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉంటుంది. అందులో సన్నని తీగనో పలుచని పొరనో కరెంటుతో వేడి చేసి, వచ్చే గాలి కంటే ఒక నిర్ణీత మేర వేడిగా నిలబెడతారు. గాలి ఎంత ఎక్కువగా వెళ్తే అంత వేడిని లాక్కుపోతుంది. ఆ వేడిని నిలబెట్టడానికి ఎంత కరెంటు కావాల్సివచ్చిందో చూస్తే సెకనుకు ఎన్ని గ్రాముల గాలి వెళ్లిందో తెలుస్తుంది.

మన రోడ్ల మీద ఇప్పుడు మామూలైపోయిన చిన్న టర్బో ఇంజిన్‌నే తీసుకుందాం. మూడు సిలిండర్లు, 999 సీసీ, అంటే సిలిండర్‌కు 333. ఇంజిన్ 3,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే మూడూ కలిసి సెకనుకు 75 సార్లు గాలి పీలుస్తాయి. సెన్సార్ సెకనుకు 45 గ్రాములని చెబితే, ఒక్క పీల్పుకు 0.6 గ్రాము. ఇంత సూటి లెక్క.

రెండో పద్ధతి కుంచంది. 1967లోనే బోష్ కంపెనీ డీ-జెట్రానిక్ అనే వ్యవస్థతో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో ఇన్‌టేక్ గొట్టంలోని ఒత్తిడిని చూసి పెట్రోలు లెక్కగట్టింది. నేటి చిన్న టర్బో బండ్లలోనూ చాలావాటిది ఇదే దారి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒక ఒత్తిడి సెన్సార్, ఒక ఉష్ణోగ్రత సెన్సార్ ఉంటాయి. మిగతాది ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వాయు సమీకరణమే. ఒత్తిడిని సిలిండర్ ఘనపరిమాణంతో గుణించి, కెల్విన్లలో ఉష్ణోగ్రతతోను, గాలి స్థిరాంకం 287తోను భాగిస్తే బరువు వస్తుంది. టర్బో గాలిని 160 కిలోపాస్కల్ దాకా నొక్కింది, ఆ గాలి 40 డిగ్రీల వేడిలో ఉంది అనుకుందాం. 333 సీసీలో పట్టే గాలి 0.59 గ్రాము.

అయితే సిలిండర్ ఎప్పుడూ లెక్కకు సరిపడా నిండదు. వాల్వ్ తెరుచుకునేది సెకనులో చిన్న తునక సేపే, దారి ఇరుకు, లోపల పాత పొగ కొంత మిగిలే ఉంటుంది. అందుకే కంప్యూటర్ దాన్ని మరో గుణకంతో గుణిస్తుంది. దాని పేరు వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ. ఇక్కడ 0.9 అనుకుంటే చిక్కిన గాలి 0.53 గ్రాము. దానికి సరిపడే పెట్రోలు సుమారు 36 మిల్లీగ్రాములు. ఈ లెక్కంతా తేల్చడానికి ఒక పీల్పుకూ ఇంకో పీల్పుకూ మధ్య ఉన్న సమయం 13 మిల్లీసెకన్లు.

ఇంజనీర్ల పనితనమంతా ఆ 0.9 దగ్గరే ఉందని నా నమ్మకం. అది ఒక అంకె కాదు, పెద్ద పట్టిక. ఇంజిన్‌ను టెస్ట్ బెంచ్‌కు కట్టి, ప్రతి ఆర్‌పీఎం దగ్గరా, ప్రతి ఒత్తిడి దగ్గరా, వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను జరిపిన ప్రతి కోణం దగ్గరా ఓపికగా కొలిచి నింపాల్సిందే. టర్బో ఉన్నచోట ఆ పట్టిక ఇంకా క్లిష్టమవుతుంది. టర్బో చక్రం పొగ దారికి అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి దాని వెనుక పొగ ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి హెచ్చితే కాలిన పొగ సిలిండర్‌లోనే ఎక్కువ మిగిలి, కొత్త గాలికి చోటు తగ్గుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో దీనికి తలకిందులుగా జరగవచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ ఒక్క క్షణం తెరిచి ఉన్నప్పుడు, లోపలికొచ్చే గాలి ఒత్తిడే ఎక్కువైతే, అది పాత పొగను బయటికి తోసేస్తుంది. ఆ ఊపులో కొంత కొత్త గాలి కూడా సిలిండర్‌లో ఆగకుండా పొగ గొట్టంలోకి వెళ్లిపోతుంది. తీగ తూచిన గాలికీ సిలిండర్‌లో చిక్కిన గాలికీ అప్పుడు తేడా వస్తుంది.

వేడి సంగతి వేరే చెప్పాలి. గాలిని నొక్కితే కాగుతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో, ట్రాఫిక్‌లో నిలిచిపోయిన బండికి ఆ పని కష్టం. పైన చెప్పిన లెక్కలో 40 డిగ్రీలకు బదులు 60 పెట్టి చూడండి. ఒత్తిడి అదే 160 ఉన్నా, గాలి 0.53 నుంచి 0.50 గ్రాముకు పడిపోతుంది. టర్బో నొక్కిన ఒత్తిడిని, అంటే బూస్ట్‌ను, చూపే మీటర్ ముల్లు అక్కడే ఉంటుంది, బండి మాత్రం మధ్యాహ్నం బద్ధకిస్తుంది. "ఎండకు పికప్ తగ్గింది" అని డ్రైవర్లు అనే మాటలో భ్రమ లేదు. ఆరు శాతం గాలి నిజంగానే తగ్గింది.

ఇంకో చిక్కు టర్బో గొట్టాల పొడవుది. ఫిల్టర్ దగ్గరి సెన్సార్‌కూ సిలిండర్‌కూ మధ్య టర్బో, ఇంటర్‌కూలర్, హోస్‌లు ఉంటాయి. పెడల్ ఒక్కసారిగా తొక్కితే సెన్సార్ దాటిన గాలిలో కొంత ఆ గొట్టాలను నింపడానికే సరిపోతుంది, సిలిండర్ దాకా రాదు. అది గమనించకుండా పెట్రోలు చిమ్మితే ఎక్కువైపోతుంది. అందుకే కంప్యూటర్ వచ్చిన గాలికీ, పోయిన గాలికీ, గొట్టంలో నిల్వ ఉన్న గాలికీ ఖాతా రాస్తూ ఉంటుంది. చాలా బండ్లలో కాలు తీయగానే మిగిలిపోయిన బూస్ట్‌ను బయటికి వదిలేయకుండా, సెన్సార్ దాటిన చోటికే తిప్పి పంపేదీ అందుకే. తూచిన గాలి బయటికి పోతే ఖాతా తప్పుతుంది. సోకు కోసం "బుస్సు"మనే వాల్వ్ బిగించుకునే కుర్రాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇన్ని ఊహల మీద నిలబడిన లెక్కను కంప్యూటర్ తనంతట తాను నమ్మదు. నాకు ఈ యంత్రం మీద గౌరవం కలిగేది ఇక్కడే. ఇంజిన్ నుంచి వచ్చే పొగలో ఒక ఆక్సిజన్ సెన్సార్ పెట్టి, మండగా మిగిలిందేమిటో అది అడుగుతుంది. ఆక్సిజన్ మిగిలితే పెట్రోలు తక్కువైందన్నమాట. లేకపోతే ఎక్కువైంది. ఆ తేడాను ఫ్యూయల్ ట్రిమ్ అనే దిద్దుబాటుగా రాసుకుంటుంది. లోడ్ అంచనా అయితే, ట్రిమ్ సాక్ష్యం.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం తెలిస్తే ఎంత డబ్బు మిగులుతుందో చెబుతాను. గాలిని తూచే సెన్సార్ ఉన్న ఒక బంధువుల కారు బూస్ట్ ఎక్కగానే నీరసపడేది. టర్బోయే పోయిందని, మార్చాలని ఒక షెడ్డులో చెప్పారు. అంకెలు చూస్తే ఐడిల్‌లో ట్రిమ్ మామూలుగా ఉంది. బూస్ట్‌లో మాత్రం కంప్యూటర్ పెట్రోలును బాగా కోస్తోంది. అంటే తూచిన గాలి సిలిండర్ దాకా చేరడం లేదు, దారిలో కారిపోతోంది. టర్బో నుంచి వెళ్లే హోస్‌లో పగులు కనిపించింది. కుంచం పద్ధతి బండి అయితే ఇదే పగులుకు ట్రిమ్ పెద్దగా కదలదు. ఒత్తిడి సెన్సార్ కారిపోయాక మిగిలిన గాలినే చూస్తుంది కాబట్టి లెక్క నిజంగానే ఉంటుంది, బూస్ట్ మాత్రం అడిగినంత రాదు. ఒకే జబ్బు, రెండు రకాల లక్షణాలు. బండి ఏ పద్ధతిలో లెక్కిస్తుందో తెలియకుండా వైద్యం మొదలుపెట్టకూడదు.

ఇక మా మేనల్లుడి రెండు శాతాలు. ఓబీడీ అంకెలకు అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ రాసిన జే1979 ప్రమాణం ఉంది. నూట ముప్పై ఐదు చూపింది అందులోని అబ్సొల్యూట్ లోడ్. దాని హారం స్థిరం. 25 డిగ్రీల వేడిలో, సముద్రమట్టపు ఒత్తిడిలో లీటరు గాలి 1.184 గ్రాములు తూగుతుంది. ఆ గాలి 333 సీసీలో నిండితే 0.394 గ్రాము. అదే నూరు. మన 0.53ను దానితో భాగిస్తే 135. టర్బో పని గాలిని కుక్కడమే కాబట్టి నూరు దాటడం దాని ధర్మం. టర్బో లేని బండి సుమారు 95 దగ్గర ఆగిపోతుంది. టర్బో బండ్లకు ప్రమాణం 400 దాకా చోటిచ్చింది.

ఎనభై చూపిన రెండోది కాలిక్యులేటెడ్ లోడ్. దీని హారం మారుతూ ఉంటుంది. ఇదే ఆర్‌పీఎంలో, ఇవాళ్టి వాతావరణ ఒత్తిడిలో, ఇవాళ్టి వేడిలో గాలి దారి తలుపైన థ్రోటిల్‌ను పూర్తిగా తెరిస్తే ఈ ఇంజిన్ ఎంత పీల్చగలదో, దానిలో ఇప్పుడెంత పీలుస్తోంది అన్నది ఈ శాతం. అందుకే అది ఎక్కడైనా నూరు దగ్గరే ఆగుతుంది. ఒకటి గాలి ఎంతో చెబితే, ఇంకోటి ఇంకా ఎంత మిగిలిందో చెబుతుంది.

విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు ఈ తేడా కంటికి కనిపిస్తుంది. సుమారు 900 మీటర్ల ఎత్తులో వాతావరణ ఒత్తిడి 101 కిలోపాస్కల్ నుంచి 91కి దిగుతుంది. టర్బో లేని కారులో పెడల్ అడుగంటా తొక్కితే కాలిక్యులేటెడ్ లోడ్ పైనా కిందా నూరే. అబ్సొల్యూట్ లోడ్ మాత్రం సుమారు పదో వంతు తగ్గుతుంది. టర్బో కారులో కంప్యూటర్, పొగను టర్బో చక్రం పక్కనుంచి దాటించే వేస్ట్‌గేట్‌ను ఇంకాస్త మూసి, చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పి, అదే 160ని మళ్లీ తెస్తుంది. కింద గాలిని 1.58 రెట్లు నొక్కితే చాలు, పైన 1.76 రెట్లు నొక్కాలి. లేహ్‌లో అయితే 3,500 మీటర్ల ఎత్తులో దాదాపు రెండున్నర రెట్లు కావాలి. చక్రానికి ఒక వేగ పరిమితి ఉంటుంది కాబట్టి అక్కడ కంప్యూటర్ తన కోరికనే తగ్గించుకుంటుంది.

కోరిక అన్నాను, మాట తూలి కాదు. నేటి బండ్లలో కాలు నేరుగా థ్రోటిల్‌ను తెరవదు. పెడల్ ఇంత టార్క్ కావాలని అడుగుతుంది. కంప్యూటర్ లెక్కను వెనక్కి తిప్పుతుంది: ఈ టార్క్‌కు ఎంత గాలి, ఆ గాలికి ఎంత ఒత్తిడి, ఆ ఒత్తిడికి థ్రోటిల్ ఎంత, వేస్ట్‌గేట్ ఎంత. 1990ల చివర బోష్ ఎంఈ7 కంప్యూటర్లు ఈ పద్ధతిని ఫోక్స్‌వ్యాగన్, ఆడి 1.8 టర్బో కార్లలోకి తెచ్చాయి. వాటిలోనూ లోడ్ శాతమే. కానీ అక్కడి నూరుకు ప్రమాణం సున్నా డిగ్రీల గాలి. చల్లని గాలి బరువెక్కువ కాబట్టి ఆ నూరు ఓబీడీ లెక్కలో దాదాపు 109. సుబారు టర్బోలను ట్యూన్ చేసేవారైతే శాతం జోలికే పోకుండా, ఒక్క చుట్టుకు ఎన్ని గ్రాములని రాసుకుంటారు. మన మూడు సిలిండర్లు ఒక్క చుట్టుకు సగటున ఒకటిన్నర సార్లు పీలుస్తాయి కాబట్టి, మనం మొదట తూచిన 0.6 గ్రాము వాళ్ల భాషలో 0.9.

అందుకే మా మేనల్లుడికి చెప్పింది మీకూ చెబుతున్నాను. తెర మీద శాతం కనిపించగానే అది దేనిలో శాతమో ముందు కనుక్కోండి. బండి బాగున్న రోజునే ఐడిల్‌లో, సాఫీ రోడ్డు మీద, ఒక ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే లోడ్, బూస్ట్, ట్రిమ్ అంకెలు రాసి పెట్టుకోండి. చదివే పని పక్కవాళ్లకు ఇవ్వండి, మీ కళ్లు రోడ్డు మీద ఉండాలి. రేపు బండి మొరాయిస్తే, ఏదైనా భాగం మార్చే ముందు ఆ కాగితం మెకానిక్ ముందు పెట్టి, ఇవాళ్టి అంకెలు పక్కన రాయమనండి. మంచి మెకానిక్ దానికి సంతోషిస్తాడు. కారణం చూపకుండా టర్బో మార్చాలనేవారికి బండి తాళం ఇవ్వకండి.